ఎవరి ముత్తవ్వ వాళ్ళకే

పోయిన వారం రాహేలును కన్నీళ్ళతో కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను మోగుతుండగా వదిలేసి వచ్చాం. మరిచిపోయినవాళ్ళ కోసం, కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

శాలిబండలో, డేగులకు, అదే దావతుల్లో వండే పెద్ద గుండిగలకు, కళాయి వేసే దుకాణం పైన, జగదీశ్వర్ నడిపే ఒంటిగది యానిమేషన్ స్టూడియోలో పుట్టిన బొమ్మ ముత్తవ్వ. బస్టాపులో ఉడకబెట్టిన పల్లీలు అమ్ముకుంటూ పిల్లల తగాదాలు తీర్చే ముసలమ్మ. ఆమె కథలు పిల్లలకు నచ్చాయి. వాటిని తీయిస్తున్న కంపెనీకి ఇంకా నచ్చాయి. ఎంత నచ్చాయంటే, ఇకమీదట ముత్తవ్వను తాము వాడే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి ఇమ్మన్నారు. సరిగ్గా మారితే రెండో ఏడాది కథలు కూడా శాలిబండ గదికే. మారకపోతే ముత్తవ్వను కంపెనీ తీసుకుపోతుంది, గదికి తాళం పడుతుంది.

మారడం అంటే ఫొటో పంపినంత సులువు అనుకోకండి. బొమ్మ గీస్తే కదలదు. లోపల ఎముకలు పెట్టాలి, వాటికి చర్మం అంటించాలి, ఆ పైన పట్టుకుని తిప్పడానికి పిడులు పెట్టాలి. ఒక పిడి లాగితే బుగ్గ లేస్తుంది, ఇంకోటి తిప్పితే మెడ తిరుగుతుంది. ఈ ఏర్పాటు మొత్తాన్ని రిగ్ అంటారు. ముత్తవ్వకు రిగ్ కట్టింది రాహేలు. ఆ పిడులు పట్టుకుని ముత్తవ్వను నడిపించేది ముగ్గురు యానిమేటర్లు: అక్షయ్, మహేందర్, స్రవ్య. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఒక సాఫ్ట్‌వేర్‌లో కట్టిన రిగ్‌ను ఇంకోదానికి పంపితే ఎముకలు వెళ్తాయి, చర్మం వెళ్తుంది, పిడులు మాత్రం దారిలోనే రాలిపోతాయి. అవతల మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి.

రాహేలు ఇన్నాళ్ళూ తిండి నిద్ర మానుకుని చేసింది ఆ పనే. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో ఒకసారి ముత్తవ్వ మోచెయ్యి వెనక్కి విరిగింది, ఒకసారి కింది పెదవి గడ్డం దాటి జారింది. చివరికి పోయిన వారం ముత్తవ్వ రెండు కాళ్ళ మీద తిన్నగా నిలబడి నవ్వింది. రాహేలు ఏడ్చింది. అప్పుడే మోగింది ఫోను. "నేనే వచ్చి చూస్తాను" అన్నది కంపెనీ నుంచి కీర్తిప్రియ. ఎందుకో చెప్పలేదు.

ఆ కీర్తిప్రియ ఇప్పుడు మెట్లెక్కి వస్తోంది.

కింద దుకాణంలో నవసాగరం చల్లి డేగులు కాలుస్తున్నట్టున్నారు, మెట్లనిండా తెల్లటి పొగ. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని పైకి వచ్చింది. కంపెనీలో రిగ్‌ల పని అంతా ఆమె చేతి కింద నడుస్తుంది. చూస్తే రాహేలు కన్నా చిన్నది. రాగానే అందరికీ నమస్తే చెప్పింది. జగదీశ్వర్ తెప్పించిన లుఖ్మీ ఒకటి తీసుకుని, ముక్క మిగల్చకుండా తిన్నది. విలన్ వస్తుందని కాచుకుని కూర్చున్న పాఠకులు నన్ను క్షమించాలి. మంచి పిల్లే. అసలు మంచివాళ్ళ చేతిలో దెబ్బ తినడమే ఎక్కువ బాధ, తిట్టుకోవడానికి కూడా వీలుండదు.

"రాహేలు గారూ, ముందు ముత్తవ్వను చూపించండి," అంది.

రాహేలు లాప్‌టాప్ తెరిచింది. ముత్తవ్వ తెర మధ్యలో నిలబడి ఉంది, నడుముకు కొంగు చెక్కుకుని. కీర్తిప్రియ ఒక్కొక్క పిడి పట్టుకుని తిప్పి చూసింది. కనుబొమ్మ లేచింది. ముక్కుపుటాలు అదిరాయి. నవ్వితే కంటి కొసల్లో ముడతలు పడ్డాయి. ఆమె అలాగే కాసేపు చూస్తూ ఉండిపోయింది.

"ఇంత ఓపికగా మా వాళ్ళు కూడా కట్టరండీ."

ఆ ఒక్క మాటకు జగదీశ్వర్ మొహం పెళ్ళికొడుకు మొహం అయింది. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, "బొమ్మలాటకు పోయిండు" అని ఇంటిల్లిపాది చేత అనిపించుకున్నవాడు. మెచ్చుకోలు వినక ఎన్నాళ్ళయిందో.

"మా రాహేలు చేతిల హునర్ ఉన్నది మేడం. మీరు ఏం ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు.

"సరే, ఇక షాట్లు వేసి చూద్దాం," అంది కీర్తిప్రియ.

ఇదే అసలు పరీక్ష. ఏడాదంతా ముగ్గురు యానిమేటర్లు ముత్తవ్వతో చేయించిన కదలికలన్నీ ఉన్నాయి. వాటిని ఈ కొత్త ముత్తవ్వకు తొడిగితే అదే నడక నడవాలి, అదే నవ్వు నవ్వాలి. కంపెనీ అడిగింది అంతే. ఒక్క ముత్తవ్వ, అన్ని కదలికలు.

మొదట స్రవ్య చేసిన షాట్ వేసింది. ముత్తవ్వ కాగితం ముక్క తీసుకుని, చేతిలో పొట్లం చుట్టి, పల్లీలు పోసి, పైన నాలుగు ఎక్కువ వేసి అవతలి పిల్లాడికి ఇస్తుంది. వేలు వేలుకూ సరిగ్గా సరిపోయింది. మహేందర్ ఈల వేశాడు. జగదీశ్వర్ చప్పట్లు కొట్టబోయి ఆగాడు. స్రవ్య మాత్రం తల దించుకుని తన గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. ఆ అమ్మాయి అంతే. దబీర్‌పురా నుంచి షేర్ ఆటోలో వచ్చి, వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా పది మాటలు మాట్లాడితే గొప్ప.

"ఇప్పుడు మహేందర్‌ది."

ఈ షాట్‌లో ముత్తవ్వ బస్టాపు బల్ల మీద కూర్చుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఒక పిల్లాడిని కోప్పడాలి. చెయ్యి నడుము దగ్గరికి వచ్చింది, అక్కడ ఆగలేదు. పొట్టలోంచి దూరి వీపులోంచి బయటికి వచ్చింది. అందరూ నవ్వారు. రాహేలు కూడా నవ్వింది. బొమ్మల పనిలో ఇలాంటివి రోజూ చూసేవే.

తర్వాత అక్షయ్ షాట్. ముత్తవ్వ కదిలిపోతున్న బస్సులోకి తొంగి చూస్తుంది. తొంగి చూడబోయి, మెడ సాగింది, ఇంకా సాగింది, తల బస్టాపు కప్పు దాటి పైకి పోయింది. అక్కడి నుంచి నవ్వింది కూడా, పళ్ళన్నీ కనపడేలా.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఈ షాట్ ఏ రిగ్‌తో చేశారు?" అని అడిగింది కీర్తిప్రియ.

"ముత్తవ్వతోనే మేడం," అన్నాడు అక్షయ్.

"ఏ ముత్తవ్వతో?"

అక్షయ్ రాహేలు వైపు చూశాడు. రాహేలు కింద నేలను చూసింది. ఆమెకు అప్పుడే అర్థమైంది. ఆ క్షణం ఆమె గుండె ఎలా జారిందో నేను రాయను. రాయడం నాకూ కష్టమే.

కీర్తిప్రియ లేచి అక్షయ్ మెషీన్ దగ్గరికి వెళ్ళి, అతని షాట్ తెరిచి, ముత్తవ్వ చర్మం దాచి ఎముకలు చూసింది. మెడలో ఒక ఎముక అదనంగా ఉంది. భుజం వేరేలా కట్టి ఉంది. దవడకు కొత్త పిడి ఉంది. అక్కడి నుంచి మహేందర్ మెషీన్ దగ్గరికి వెళ్ళింది. అతని ముత్తవ్వకు చెయ్యి కాస్త పొడుగు, నడుము కాస్త సన్నం.

"ఇదేంటి? ఎవరి ముత్తవ్వ వాళ్ళకు ఉందా?"

ఆ గదిలో పని జరిగే పద్ధతి ఇది. ఎవరైనా షాట్ చేస్తూ ఇరుక్కుంటే, కుర్చీలోంచి లేవకుండా "అక్కా, జర ఇటు రా" అని కేక వేస్తారు. రాహేలు తన పని అక్కడే వదిలి వస్తుంది. పక్కన నిలబడి, వాళ్ళ మౌసే తీసుకుని, వాళ్ళ షాట్‌లో ఉన్న ముత్తవ్వకే ఒక ఎముక కలిపి, ఒక పిడి పెట్టి, భుజం తట్టి వెళ్ళిపోతుంది. రెండు నిమిషాల పని. షాట్ సాయంత్రానికి వెళ్ళాలి, వెళ్ళిపోతుంది. పద్ధతి ప్రకారం అయితే తన దగ్గరున్న అసలు ముత్తవ్వలో ఆ మార్పు చేసి, అందరికీ కొత్తది పంచాలి. పంచితే మిగతావాళ్ళ షాట్లు కదిలిపోతాయి, వాళ్ళు పరేషాన్ అవుతారు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం రాహేలుకు చేతకాదు, ఎవరికీ కాదని చెప్పడం అసలే చేతకాదు. అలా ఎవరి మెషీన్‌లో వాళ్ళ ముత్తవ్వ పెరిగింది. శాలిబండలో ఉన్నన్నాళ్ళు ఏ తేడా తెలియలేదు, తెరమీద చూస్తే అందరి ముత్తవ్వా ఒకే ముత్తవ్వ. ఒకే రిగ్ కావాలనే సాఫ్ట్‌వేర్‌లోకి పోతే గానీ బండారం బయటపడలేదు.

"అసల్దాంట్ల గూడ మారుస్తవనుకున్న అక్కా," అన్నాడు మహేందర్ మెల్లగా.

"మార్చాలనే అనుకున్న. నువ్వేమో సాయంత్రంకల్ల షాట్ ఇయ్యాలంటివి. నీది అయ్యేలోపల అక్షయ్ పిలిచిండు."

"మేడం, గిదేం పెద్ద ప్రాబ్లం కాదు," జగదీశ్వర్ మధ్యలో దూరాడు. "ముత్తవ్వ ఒక్కతే. జర అటిటు ఉన్నది, గంతే. మా రాహేలు సక్కగ చేసేస్తది."

కీర్తిప్రియ అతని వైపు చూడలేదు. "రాహేలు గారూ, మీరు చెప్పండి. సర్దడం కుదురుతుందా?"

"జర టైం ఇయ్యుండ్రి మేడం. అన్నిటినీ కలిపి ఒక్కటి చేస్త."

"కలిపితే?"

రాహేలుకు తెలుసు. కలిపి కొత్తగా కట్టిన ముత్తవ్వ మీద ఎవరి షాటూ కూర్చోదు. ఏడాది పని అంతా మళ్ళీ చేయాలి. అడిగిన ఆమెకూ తెలుసు, తెలిసే అడిగింది.

"ఒక్కటే రిగ్ ఉండాలని... ఇది మొదటి పాఠం కదండీ," అంది కీర్తిప్రియ. గొంతులో వెటకారం లేదు, నిజంగా నమ్మలేకపోతున్నట్టు అంది.

రాహేలుకు చుర్రుమంది. "మీ తాన ఒక్క రిగ్‌కి ఎంతమంది కూసుంటరు మేడం? కట్టేటోళ్ళు వేరే, సూసేటోళ్ళు వేరే, పంచేటోళ్ళు వేరే ఉంటరు గద. ఈడ నేనొక్కదాన్నే. పిల్లలు పిలిస్తే పోవాలె, మల్ల వచ్చి నా పని సూసుకోవాలె. నాకు రాక చెయ్యలేదనుకుంటున్నరా?"

"అలా అనలేదండీ."

"అన్లేదు గని, గట్లనే ఉన్నది."

ఎదుటిమనిషి మీద గొంతు లేపిన రాహేలును ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. లేపిన మరుక్షణమే ఆమెకు సిగ్గనిపించింది. "మాఫ్ చెయ్యుండ్రి," అంది. ఇదీ వరస. కోపం కూడా పూర్తిగా తెచ్చుకోలేదు పాపం.

కీర్తిప్రియ ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. పైవాళ్ళతో మాట్లాడాలి. తలుపు చేరవేసుకుంది గానీ, ఆ తలుపు పడదు, సందు ఉంటుంది. సందులోంచి "అవును సార్... కాదు సార్... ఒకటి కాదు సార్..." అని వినపడుతూనే ఉంది.

గదిలో అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఇప్పుడేమైతది అన్నా?" మహేందర్ జగదీశ్వర్‌ను అడిగాడు. అతని భార్యకు నెలలు నిండాయి. ఈ వారమో వచ్చే వారమో అంటున్నారు.

"నాకేమెరుక? అయితే అయితది, లేకుంటే లేదు."

"గట్లంటే ఎట్లనే?"

"అక్కా, నువ్వు ఒక్కమాట చెప్పుంటే అయిపోతుండె," అన్నాడు అక్షయ్. "షాట్ లేటయినా మంచిదే అని అందరం అసల్దే వాడుతుంటిమి."

"నువ్వు లేటు చేస్తుంటివా?" రాహేలు నవ్వడానికి ప్రయత్నించింది. "మెడ తిరుగుతలేదని పొద్దుందాక నా నెత్తి మీద కూసోకపోతివా?"

"అంటే తప్పు నాదేనా?"

"నేనట్లన్ననా?"

"చేసి పెట్టమన్నం గని, నాకొకటి వానికొకటి చెయ్యమన్నమా అక్కా?"

ఈ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. రాసేవాడికి కోపం రాకూడదంటారు, అదంతా ఒట్టి మాట. ఇదే అక్షయ్ బేగంబజార్‌లో తాతగారి పప్పుల దుకాణం వదిలేసి, ఇంట్లో గొడవ పడి ఈ గదికి వచ్చిన కొత్తలో, మౌస్ పట్టడం నేర్పింది ఈ అక్కే. అతని ముత్తవ్వ అంత జీవంగా ఉందంటే, ప్రతి పూటా పిలిచి ఏదో ఒకటి పెట్టించుకున్నందుకే. కానీ అతన్ని మరీ తిట్టలేను. చేతిలో ఉన్నది జారిపోతుంటే మనిషి దగ్గర్లో ఎవరు మెత్తగా కనపడితే వాళ్ళను గట్టిగా పట్టుకుంటాడు.

రాహేలు నీళ్ళ సీసా తీసుకుని మూత తిప్పింది, తాగకుండానే మళ్ళీ మూత పెట్టింది. రైల్వేలో పని చేసే ఆమె భర్త సామ్యూల్ చాలాసార్లు అన్నాడు, "నీకు కాదనుడు వస్తలేదు, ఎప్పుడో ముంచుతది" అని. ఇంటికెళ్ళి ఈ సంగతి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"లొల్లి బంద్ చెయ్యుండ్రి," జగదీశ్వర్ గొంతు తగ్గించాడు. "ఆమె వస్తున్నది."

కీర్తిప్రియ లోపలికి వచ్చి, తన కుర్చీలో కాకుండా బల్ల అంచు మీద కూర్చుంది. చెప్పవలసింది ఎలా మొదలుపెట్టాలో ఆమెకూ పాలుపోవడం లేదని చూస్తేనే తెలుస్తోంది.

"నేను చెప్పగలిగినంత చెప్పాను. వాళ్ళు ముందు ఏదీ వద్దన్నారు. ముత్తవ్వను మనమే మొదటి నుంచి కట్టుకుందాం, వచ్చెయ్ అన్నారు."

జగదీశ్వర్ గోడకు ఆనుకున్నాడు.

"చివరికి ఒకదానికి ఒప్పుకున్నారు. మీ ముగ్గురి ముత్తవ్వల్లో ఒకదాన్ని అసలు ముత్తవ్వ అనుకుంటాం. దాని మీద చేసిన షాట్లన్నీ మా దగ్గరికి వస్తాయి. ఆ ముత్తవ్వను నడిపినవాళ్ళు మాతో వచ్చి పని చేస్తారు. మిగతా షాట్లు వీడియోలుగానే ఉండిపోతాయి, వాటిని ఇక కదపలేం."

"నడిపినోళ్ళంటే..."

"ఒక్కరే."

కింద డేగు ఏదో దొర్లినట్టుంది, పెద్ద చప్పుడయింది. ఎవరూ ఉలిక్కిపడలేదు.

"మరి రాహేలు?" జగదీశ్వర్ అడిగాడు. తన సంగతి అడగలేదు. అడగకపోవడం అతని గొప్పదనమో, జవాబు ముందే తెలిసినందువల్లో చెప్పలేను.

"రిగ్ కట్టేవాళ్ళు మాకు ఉన్నారండీ," అంది కీర్తిప్రియ. ఎంత మెల్లగా అనవచ్చో అంత మెల్లగా అంది. "ఇంకో మాట. ఎంచుకున్నది తప్ప మిగతా ముత్తవ్వలు ఈ గదిలో ఉండకూడదు. వాటితో చేసిన షాట్లు కూడా. ఇవ్వాళే తీసేయాలి, నేను చూసి వెళ్ళాలి. బొమ్మ కంపెనీది కదా. అది మీకు తెలిసిందే."

తెలిసిందే. మొదటి రోజే ఒప్పుకున్నారు. అప్పుడు ముత్తవ్వ ఇంకా పుట్టలేదు, కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు.

"రాహేలు గారూ, ఏది అసలుదో మీరే చెప్పండి. మీకన్నా ఎవరికి తెలుసు?"

మర్యాద కోసం అడిగిన మాట అది. కట్టిన మనిషిని అడగకుండా తీసుకుపోవడం బాగుండదని ఆమె అనుకుంది. ఆ మర్యాద కత్తిలా దిగుతుందని ఆమె ఊహించలేదు.

"నేను చెప్పను మేడం," అంది రాహేలు వెంటనే. "మీరే సూసి తీస్కపోండ్రి. నా నోటితోని చెప్పియ్యకుండ్రి."

"నేను తీసుకుంటే పైవాళ్ళు ఊరుకోరు. కట్టినవాళ్ళు ఇది అసలుదని చెప్తేనే తీసుకోమన్నారు. లేకపోతే ఏదీ వద్దంటున్నారు."

"అంటే నేను చెప్పకుంటే..."

"ఎవరూ రారు."

రాహేలు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఎదురుగా మూడు మెషీన్లు, మూడు ముత్తవ్వలు. మహేందర్ ముత్తవ్వ కోపంగా ఉంది. అక్షయ్ ముత్తవ్వ కళ్ళలో నీళ్ళు కూడా మెరుస్తాయి, ఆ తడి కోసం రాహేలు ఒక ఆదివారం చర్చికి పోవడం మానుకుని కూర్చుంది. బతికున్న మనిషిలా ఉన్న ముత్తవ్వ ఎవరిదంటే అక్షయ్‌దే, అందులో అనుమానం లేదు. అతను చెప్పినట్టే పెట్టినవి, అతను వెంటపడితే పెట్టినవి. మరి మహేందర్? పుట్టబోయే బిడ్డ? అలా అనుకుంటే ఎవరి ఇంట్లో ఏం లేదు?

స్రవ్య ఒక్కసారి కూడా తనతో "అక్కా, ఇటు రా" అనలేదని రాహేలుకు ఇప్పుడే తోచింది. ముత్తవ్వ చెయ్యి వంగకపోతే ఆ అమ్మాయి చెయ్యి వంచాల్సిన అవసరం లేకుండా షాట్ మార్చుకునేది. మెడ తిరగకపోతే ముత్తవ్వనే తిప్పి కూర్చోబెట్టేది. కట్టిన ముత్తవ్వను కట్టినట్టే వాడింది. అందుకే ఆ పొట్లం చుట్టిన షాట్ వేలు వేలుకూ అతికింది. రేపు మిగతా షాట్లు వేసినా అతుకుతాయి. అడిగినవాళ్ళకు అన్నీ పెట్టింది రాహేలు. అడగని పిల్ల వైపు తల తిప్పి చూడనైనా లేదు.

ఈ ఆలోచన రాగానే ఆమెకు ఏడుపు వచ్చింది. బయటికి రానివ్వలేదు. ఏడిస్తే చెప్పలేదు, చెప్పకపోతే ఎవరూ మిగలరు.

"అక్కా," అన్నాడు మహేందర్.

అక్షయ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇందాకటి మాట వెనక్కి తీసుకోవాలని అతనికి ఎంత ఉందో, తీసుకుంటే ఇప్పుడు దేనికోసం తీసుకున్నట్టవుతుందో అతనికే తెలుసు. స్రవ్య ఎప్పటిలాగే తల వంచుకుని తన మెషీన్ మీద ఏదో చేసుకుంటోంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు, ఎప్పుడూ చూడరు.

"జల్దీ చెప్పు రాహేలు," అన్నాడు జగదీశ్వర్. "ఒక్కరన్న పోని. ఒక్కరన్న బాగుపడని."

రాహేలు లేచి నిలబడింది. ఆమె జీవితంలో ఒకరికి ఔనని చెప్పి ఇద్దరికి కాదని చెప్పడం ఇదే మొదటిసారి. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"స్రవ్యది," అంది.

మహేందర్ కళ్ళు మూసుకున్నాడు. అక్షయ్ చిన్నగా తల ఊపాడు, న్యాయమే అన్నట్టు. కీర్తిప్రియ పెద్దగా ఊపిరి వదిలింది. "నేనూ అదే అనుకున్నానండీ. నా నోటితో అనకూడదని ఊరుకున్నాను. స్రవ్యా, మీ షాట్లన్నీ ఒకసారి తెరవండి, నా డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటాను."

స్రవ్య కదల్లేదు. తల ఎత్తింది గానీ, మొహంలో రక్తం లేదు.

"స్రవ్యా, నిన్నేనే," అన్నాడు జగదీశ్వర్. "ఖుషీ గాకుండ గట్ల చూస్తవేంది? తెరువు."

"లేవన్నా."

"ఏం లేవు?"

"తీసేసిన."

రాహేలు ఆమె మెషీన్ దగ్గరికి వచ్చింది. తెరమీద బస్టాపు లేదు, పల్లీల గంప లేదు, ముత్తవ్వ లేదు. ఏమీ లేని బూడిదరంగు మైదానం ఒకటి ఉంది, అంతే.

"ఎప్పుడు తీసేసినవ్ బిడ్డా?"

"ఇప్పుడే. ఏది చెప్పాల్నా అని నువ్వు సోంచాయిస్తుంటే." స్రవ్య మాట అతి కష్టం మీద వస్తోంది. "నాదెట్లయిన తీసేస్తరు గదా అనుకున్న అక్కా. అక్షయ్‌దే అందరికంటె మంచిగుంటది. నాకు కాదని చెప్పుడు నీకు కష్టమయితదని... నేనే తీసేస్తే నీకు ఒక్కటన్న తక్కువయితదని..."

"చెత్తబుట్టలో ఉంటాయి కదా, వెనక్కి తీద్దాం," కీర్తిప్రియ గబగబా వంగింది.

"అది గూడ ఖాళీ చేసిన మేడం. మీరు సూసి పోతనన్నరు గదా."

"ఇంకెక్కడైనా కాపీ?"

కాపీ ఎక్కడిది? ఎవరి ముత్తవ్వ వాళ్ళ మెషీన్‌లోనే ఉంటుందని ఇందాక బయటపెట్టింది కీర్తిప్రియే. కంపెనీ లాప్‌టాప్‌లో స్రవ్యది ఒక్క షాట్ ఉంది. పొట్లం చుట్టినది. "దీనొక్కదాంతో నేను పైవాళ్ళకు ఏమని చెప్పాలి?" అంది తనలో తాను అనుకున్నట్టు.

రాహేలు స్రవ్య తల మీద చెయ్యి వేసింది. ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేశావని తిట్టడానికి నోరు రాలేదు. తానైనా ఆ పనే చేసి ఉండేది.

కీర్తిప్రియ ఫోను మళ్ళీ మోగింది. తెరమీద పేరు చూసి, ఎత్తకుండా చేతిలోనే పట్టుకుంది.

"వాళ్ళే. ఏది అసలుదో అడుగుతారు. రాహేలు గారూ, క్షమించండి. ఇంకోటి చెప్పాలి మీరు."

ఫోను మోగుతూనే ఉంది. అక్షయ్ తన తెరను మెల్లగా రాహేలు వైపు తిప్పాడు. కాసేపటికి మహేందర్ కూడా తిప్పాడు.